అడవి బండికి సారీగార్డు

పోయిన వారం మనం రమణిని పాడేరులో, కామేష్ మెకానిక్ షెడ్డు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ మనిషి ఇంకా అలాగే నిలబడి ఉంది. ఎదురుగా రెండు బళ్లు. అరకు నుంచి హేమలత మేడం వ్యాన్లో వేయించి పంపించినవి. "రెండిట్లో నీకు ఏది నచ్చితే అది ఉంచుకో రమణీ, ఆదివారం నుంచి జగదీష్ చేసిన పని నువ్వే చెయ్యాలి" అని ఫోన్లో చెప్పింది. వైజాగ్ నుంచి సెలవు రోజుల్లో వచ్చే కుర్రాళ్లని కాఫీ తోటల వెనక అడవి దారుల్లో బళ్ల మీద తిప్పడం హేమలత వ్యాపారం. వాళ్లకి దారి చూపిస్తూ అందరికంటే ముందు పోవడం జగదీష్ పని. అందరికంటే వెనక, హేమలత ఇచ్చిన బండి మీద, ఎవరైనా పడితే లేపుతూ రావడం అతని పెళ్లాం రమణి పని. ఆ జగదీష్ వానలు ముదిరిన రోజుల్లో ఓ శుక్రవారం సాయంత్రం, మాడుగుల వైపు నుంచి కొండెక్కే దారిలో, బండితో సహా రాళ్ల మీద పడి చనిపోయాడు. అది హేమలత కుర్రాళ్లు తిరిగే దారి కాదు. ఆ రోజు అక్కడ అతనికేం పనో ఎవరికీ అంతుపట్టలేదు.

అప్పటి నుంచీ రమణి కంట తడి లేదు. కరకపుట్టు ఊళ్లో ఆడాళ్లు కుళాయి దగ్గర మొహాలు చూసుకున్నారు. మైదానం పిల్ల, మన కొండ కుర్రాణ్ణి కోరి చేసుకుంది, ఏడవడానికి ఏమైంది అని ఒకావిడ పైకే అనేసింది. రమణి విని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే తనకీ అదే అర్థం కావడం లేదు. అన్నం తింటే రుచి తెలీదు, తినకపోతే ఆకలి తెలీదు. చెయ్యి పొయ్యిలో పెట్టినా కాలిందో లేదో వేరేవాళ్లు చెప్పాలన్నట్టు ఉంది ఒళ్లు.

"ఈ పొడుగు బండి తీసుకో వదినా," అన్నాడు కామేష్. జగదీష్‌కి తమ్ముడు, పెళ్లి కాలేదు, షెడ్డులోనే పడుకుంటాడు. "కొత్తది. ఇంజన్ సూడు, ఎంత పెద్దదో. నీకేం ఇబ్బందుండదు."

రమణి ఎక్కి కూర్చుంది. మునివేళ్లు మాత్రమే నేలకి ఆనుతున్నాయి. దిగింది. దిగి, హ్యాండిల్ పట్టుకుని ఆ బండిని మెల్లగా ఎడం పక్కకి వంచి నేల మీద పడుకోబెట్టేసింది. వ్యాను తోలుకొచ్చిన గంగరాజు పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, కొత్త బండమ్మా. గీతలు పడితే మేడం నన్ను అడుగుతాది."

"అడివిలో ఎలాగా పడతాది గంగరాజూ. ఇక్కడ పడితే ఏటి?" అంది రమణి. మాటలో కోపం లేదు, ఎగతాళీ లేదు, ఏమీ లేదు.

వీపు సీటుకి ఆనించి, మోకాళ్లు వంచి, కాళ్ల మీద బలం పెట్టి లేపబోయింది. సగం లేచి మళ్లీ ఒరిగిపోయింది. రెండోసారీ అంతే. జగదీష్ ఆమెకి మొట్టమొదట నేర్పింది బండి తోలడం కాదు, పడిన బండిని లేపడం. అడివిలో బండి ఎంత పరిగెడతాదని సూడకు, ఒక్కదానివీ లేపగలవా లేదా అది సూడు అనేవాడు. పెద్ద ఇంజను రోడ్డు మీద గొప్ప, చెట్ల మధ్య దండగ అనేవాడు. రెండో బండిని పడుకోబెడితే అది బుద్ధిగా లేచి నిలబడింది. కానీ దాని పొట్ట నేలకి బాగా దగ్గర. కొండవాగు, అదే గెడ్డ, దాటేచోట రాయి తగిలితే ఇంజను కిందే పగులుతుంది.

"రెండూ వద్దు," అంది. "మీ అన్నయ్య బండి ఏదీ?"

కామేష్ చేతిలో పానా కిందకి దించాడు. "అది పనికిరాదొదినా. హ్యాండిల్ వంగిపోయింది. నాలుగు నెల్ల నుంచి కదపనేదు, లోపల అంతా తుప్పే."

"హ్యాండిల్ మారిస్తే సరిపోద్ది కదా."

"మంచిది కాదొదినా ఆ బండి."

"బండి ఏం చేసింది, పాపం," అంది రమణి, షెడ్డు వెనక్కి నడుస్తూ.

కామేష్ వెనకే వెళ్లాడు కానీ వద్దని మళ్లీ అనలేకపోయాడు. వదిన మాటకి ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో అన్నకే లేదు, తమ్ముడికి ఎక్కణ్ణించి వస్తుంది. వెనక రేకుల పంచలో, నీలం టార్పాలిన్ కింద ఉంది బండి. కామేష్ దాన్ని లాగుతుంటే ముందు చక్రం బయటపడింది, తర్వాత ట్యాంకు. జగదీష్ మోకాళ్లు రాసుకుని ట్యాంకుకి రెండు పక్కలా రంగు పోయి తెల్లబడిన మచ్చలు. వెనక భాగం మీద టార్పాలిన్ అలాగే వదిలేశాడు కామేష్. రమణి ఆ మచ్చల్ని చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఏడుపు వస్తుందేమో అని కాసేపు చూసింది. రాలేదు. స్పానర్ ఇమ్మని చెయ్యి చాపింది.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ పని చేశారు. గంగరాజు రెండు బళ్లూ వ్యాను ఎక్కించుకుని, మేడంకి ఏం చెప్పాలో తెలీక గొణుక్కుంటూ అరకు వెళ్లిపోయాడు. పాత పెట్రోలు వంపేసి కొత్తది పోశారు. తుప్పు పట్టిన చైను మాత్రం కామేష్ ఒక్కడే, టార్పాలిన్ కొస ఎత్తి మార్చాడు. వంగిన హ్యాండిల్ తీసి వేరేది బిగించి, రమణిని ఫుట్‌రెస్టుల మీద నిలబడమన్నాడు కామేష్. అడవిలో సగం దారి నిలబడే తోలాలి, అప్పుడు మణికట్టు వంగితే సాయంత్రానికి చేతులు పని చెయ్యవు. ఆమె నిలబడి చేతులు చాపింది. హ్యాండిల్ ఓ రవ్వ ముందుకి తిప్పాడు. క్లచ్ లివర్ విరిగిపోయి ఉంటే కొత్తది వేసి, వేళ్లు పొట్టివని దాన్ని దగ్గరికి జరిపాడు. బొడిపెల బటన్ టైర్లు ఇంకా బాగానే ఉన్నాయి. వాటిల్లో గాలి కాస్త తగ్గించాడు, రాళ్ల మీద పట్టు దొరకాలని. ఒక్కొక్క బోల్టు బిగిస్తుంటే, ఇది ఇంకోరెవరి బండో అయినట్టు రమణి సామాన్లు అందిస్తూ ఉంది. పని బాగుంది. పని చేస్తుంటే ఏమీ అనిపించడం లేదన్న సంగతి కూడా గుర్తుండదు.

ఇక మిగిలింది వెనక షాకప్సర్. దాని స్ప్రింగు మనిషి బరువుకి సరిపోయేట్టు ఉండాలి. మనిషి ఎక్కి కూర్చుంటే వెనక భాగం నాలుగు వేళ్ల మేర దిగాలి. మరీ దిగితే గతుకుల్లో నేలకి కొట్టుకుంటుంది, అసలు దిగకపోతే టైరు నేలని వదిలేసి గాల్లో తన్నుతుంది. కొండ దారి తోలే ఎవరికైనా ముందు చూసుకోవలసిన సంగతి ఇదే.

"కూచుంటాను, టేపు పట్టు," అంది రమణి.

"రేపు సూద్దామొదినా. పొద్దుపోయింది."

"ఎండ ఇంకా గోడ మీదుంది కామేషూ."

ఆమె కూర్చుంది. కోడి వచ్చి వాలినట్టు బండి అలాగే నిలబడింది. దిగి, మళ్లీ బలంగా కూర్చుంది. అంతే. జగదీష్ బక్క మనిషి. అతని బరువుకీ తన బరువుకీ పెద్ద తేడా ఉండేది కాదు, ఇద్దరూ ఒకరి బండి ఒకరు మార్చుకుని తోలేవాళ్లు. రమణి కిందకి వంగి స్ప్రింగు పైన బిగింపు రింగు చూసింది. ఎంత వరకూ బిగించొచ్చో అంత వరకూ బిగించి ఉంది.

"ఇది ఒక్కడు తోలే బండికి బిగించే బిగింపు కాదు," అంది. "ఇద్దరికి."

రమణి టార్పాలిన్ కొస పట్టుకుని మిగతాది లాగేసింది.

ఎడం పక్క వెనక చక్రానికి సారీగార్డు ఉంది.

ఏం చెప్పమంటారు. బజారు బండికి అయితే అందులో వింత లేదు. చీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా కంపెనీ వాళ్లే వేసిస్తారు. కానీ అడవికి తోలే ప్రతి కుర్రాడూ బండి కొన్న రోజునే ముందు విప్పి పారేసేది దాన్నే. కొమ్మలకి తగులుకుంటుంది, దండగ బరువు. జగదీష్ కూడా మొదట్లోనే తీసేశాడు, రమణి చూస్తుండగానే. ఇప్పుడది మళ్లీ వచ్చి కూర్చుంది, చేత్తో తిప్పి విప్పుకునే బోల్టులతో. దాని కింద, ఒక పక్కకి తిరిగి కూర్చున్నవాళ్లు రెండు కాళ్లూ ఆనించుకునే రేకు మెట్టు. మెట్టు మీద రంగు అరిగి ఇనుము బయటపడింది. కుడి పక్క, వెనక కూర్చునేవాళ్ల ఫుట్‌రెస్టు విప్పేసి ఉంది.

రమణి చీర కట్టుకుని బండెక్కిన మనిషి కాదు. పెళ్లయిన కొత్తలోనే చుడీదార్ వేసుకుని రెండు పక్కలా కాళ్లేసి కూర్చునేది. ఈ మెట్టు మీద కాలు పెట్టింది వేరే ఆడమనిషి.

శుక్రవారం శుక్రవారం దారిలో పడిన కొమ్మలు నరికి రావాలి అనేవాడు జగదీష్. శుక్రవారం పాడేరు సంత. రమణి పొద్దున్నే అల్లం, మిరియాలు, రాజ్‌మా గంపలకెత్తుకుని జీపెక్కి వచ్చి సాయంత్రం దాకా సంతలో కూర్చునేది. అతను బండి తమ్ముడి షెడ్డులో పెట్టుకునేవాడు. అంటే రమణి సంతలో ఉన్న రోజే బండికి సారీగార్డు ఎక్కేది. ఊళ్లో ఆడాళ్లు కుళాయి దగ్గర ఇంకో మాట కూడా అనుకున్నారు, అది వినపడనట్టు నటించింది తను. మైదానం వైపు దారిలో పడిపోయాడంటే, మైదానంలో ఎవరో ఉండే ఉంటాది అని.

ఆమె ఆ మెట్టు పక్కన నేల మీద కూలబడింది. కోపం రావాలి కదా అనుకుంది. చచ్చిపోయిన మొగుడి మీదయినా సరే, ఇలాంటప్పుడు ఏ ఆడదానికైనా కోపం వస్తుంది. లోపల వెతుక్కుంది. రాలేదు. దానికి మాత్రం భయం వేసింది. మొగుడు పోతే ఏడుపు రాలేదు, మొగుడు మోసం చేశాడంటే కోపం రాలేదు, ఇంక నేను మనిషినేనా అనుకుంది.

అలా కూర్చుని ఉండగా పైకి చూస్తే సీటు చివర ఇంకోటి కనపడింది. ఇనప కడ్డీ వంచి వెల్డింగు చేయించి, అలాంటి విప్పుకునే బోల్టులతోనే బిగించిన పిడి. దానికి పాత సైకిల్ ట్యూబు చుట్టి, చెయ్యి జారకుండా మీద సుతిలి తాడు బిగించి ఉంది. వెనక కూర్చున్న మనిషి దాన్ని గట్టిగా పట్టుకుని పట్టుకుని ఆ రబ్బరు నున్నగా మెరుస్తోంది.

రమణి లేచి సీటు మీద ఒక పక్కకి తిరిగి కూర్చుంది. కాళ్లు మెట్టు మీద పెట్టింది. కుడి చెయ్యి దానంతటదే ముందుకి వెళ్లింది, తోలే మనిషి భుజం ఉండే చోటికి. బండి వెనక కూర్చున్న ఏ పెళ్లామైనా భుజం పట్టుకుంటుంది. ఉంచుకున్నదైతే నడుమే పట్టుకుంటుంది. ఆ కొండ దారిలో, ఆ గతుకుల్లో, ముందున్న మగాణ్ణి ముట్టుకోకుండా వెనక్కి చెయ్యి పెట్టి ఇనప పిడి పట్టుకుని కూర్చునే ఆడమనిషి ఎవరు?

ముట్టుకోకూడని మనిషి.

మైదానంలో తన పుట్టింట్లో ఆ పట్టింపు గట్టిది. పెదనాన్న కూతురి మొగుడు ఎప్పుడైనా ఇంటికొస్తే అమ్మ తలుపు చాటునే ఉండేది. మొహం ఇటు తిప్పుకుని, గోడకి చెప్తున్నట్టు, "బాబుకి ఇంకో ముద్ద వెయ్యమ్మా, మొహమాటపడతన్నాడు" అనేది. అల్లుడి వరస మనిషి నీడ కూడా తొక్కేది కాదు. రమణి ఆ రోజుల్లో నవ్వేది.

"కామేషూ," అంది, కూర్చున్న చోట నుంచి దిగకుండానే. "ఈ పిడి ఎవరి కోసం పెట్టించాడు మీ అన్నయ్య?"

కామేష్ నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. అవి ఎప్పుడో శుభ్రమైపోయాయి.

"నువ్వే కదా వెల్డింగ్ చేశావు. చెప్పు."

"అన్నయ్య ఒట్టేయించుకున్నాడొదినా."

"ఒట్టేయించుకున్నోడు పోయాడు కదా. నేనున్నాను. మా అమ్మా?"

కామేష్ తలెత్తి చూశాడు. ఆ చూపే చాలు. ఐనా చెప్పాడు, పెద్దవాళ్ల ముందు తప్పు చేసిన పిల్లాడు చెప్పినట్టు, కింద చూస్తూ.

"ఆవిడేనొదినా. నువ్వు ఆవిడ పేరెత్తితే ఇల్లొదిలి ఎల్లిపోతానన్నావంట. అన్నయ్య నీకు భయపడేవోడు."

ఆ మాట తను అన్నది నిజమే. కథ మొదట్లో మీరు చూసిందే. కొండోణ్ణి చేసుకుందని అన్న వరహాలరావు వీధిలో నిలబడి, ఈ పూట నుంచి నా చెల్లి సచ్చిపోయింది అని చెంబుతో నీళ్లు వదిలేశాడు. తల్లి అప్పలనర్సమ్మ గడపలో నిలబడి చూసిందే తప్ప ఒక్క మాట అనలేదు. కొడుకు తలుపెయ్యమంటే తలుపేసింది. రమణి అన్నని ఎప్పుడో మరిచిపోయింది. ఆ తలుపు వేసిన చేతిని మాత్రం మరిచిపోలేదు.

"రెండేళ్ల కింద మాడుగుల సంతలో ఆవిడే అన్నయ్యని పోల్చుకున్నాది," అన్నాడు కామేష్. "ఎవరో గుంటణ్ణి మధ్యలో నిలబెట్టి, వాడితో సెప్తున్నట్టు సెప్పిందంట. నా గుంటని, నా కూతుర్ని, దూరం నుంచి ఓసారి సూపించమను, దాని కంట పడను అని. అన్నయ్యకి ఏటి సెయ్యాలో తోచనేదు. జీపులో తేడానికి నేదు కదా, ఆ లైన్లో జీపులన్నీ మీ అన్నయ్యా, ఆడి సావాసగాళ్లూ తోలతారు. బస్సెక్కినా తెలిసిపోద్ది. అందుకే అడివి దారి. మొదటిసారి భుజం పట్టుకో అత్తా, పడిపోతావ్ అన్నాడంట. ససేమిరా పట్టుకోనందంట. మధ్యలో గోనెసంచి సుట్ట అడ్డం పెట్టుకుని, సీటు అంచు పట్టుకుని వచ్చింది. చేతులు కొట్టుకుపోయాయి. దాంతో ఈ పిడి పెట్టించాడు."

"సంతకి తెచ్చేవాడా?"

"ఎండుచేపల వరసలో, కొస షాపు వెనక కూచునేది. గొడుగు అడ్డం పెట్టుకుని. అక్కణ్ణించి నువ్వు బాగా కనపడతావు. సాయంత్రం దాకా సూసేది. ఎవరైనా బేరమాడి నిన్ను ఇసిగిస్తే అక్కడ కూచుని తిట్టేదంట. ఒక్కోసారి నీ దగ్గర మిగిలిపోయిన అల్లం ఎవర్నో పంపి కొనిపించేది."

రమణికి గుర్తుంది. సంత విడిపోయే వేళకి ఎవరో ఒకరు వచ్చి, బేరం లేకుండా మొత్తం పొయ్యమనేవాళ్లు. నా అదృష్టం అనుకునేది. ఆ రాత్రి జగదీష్‌తో అనేది కూడా, ఇవాళ ఏమీ మిగల్లేదు తెలుసా అని. అతను నవ్వి ఊరుకునేవాడు.

"ఆ రోజు కూడానా?"

"ఆ రోజు కూడా. వాన వచ్చేలా ఉంది, ఈ వారం వద్దు అన్నాన్నేను. ఆవిడ వచ్చి కూచుని ఉంటాదిరా అన్నాడు. పొద్దున్న తెచ్చాడు. సాయంత్రం బేగి కింద దింపీసి తిరిగొత్తన్నాడు. వస్తన్నప్పుడే..."

గుడ్డ కింద పడేశాడు. రమణి బండి దిగింది. కాళ్ల కింద నేల ఉందని తెలుస్తోంది, అంతే. అమ్మని నాకు చూపించడానికి తెచ్చి, కాదు, నన్ను అమ్మకి చూపించడానికి తెచ్చి, దింపి వస్తూ పోయాడు. నా మొండితనం లేకపోతే ఆవిడ ఘాట్ రోడ్డు మీద దర్జాగా మా ఇంటికే వచ్చేది, ఎవడేమనుకుంటే ఏం. ఇదంతా తనకి ఇంత స్పష్టంగా ఎలా అర్థమవుతోందో, అర్థమై కూడా గుండె ఎందుకు అలాగే కొట్టుకుంటోందో రమణికి తెలీలేదు.

"మా అమ్మకి తెలుసా?" అంది.

"ఏటొదినా?"

"ఆయన పోయాడని."

కామేష్ ఏడుస్తున్నాడు. "ఎవరు సెప్తారు? అన్నయ్య ఫోను గెడ్డలో పోయింది. మీవోళ్లతో మాటల్లేవు. మనవోళ్లు పైకి మోసుకొచ్చీసారు, కింద ఎవరికీ కబురెల్లనేదు. రెండుసార్లు బయల్దేరానొదినా. సగం దారిలో కాళ్లు రానేదు. మేకలు తోలుకెళ్లే బుధు మావ సెప్పాడు, శుక్రవారం శుక్రవారం ఎవరో ముసిలావిడ గెడ్డ ఒడ్డున వచ్చి కూచుంటన్నాది, పొద్దుగూకే దాకా ఉండి ఎల్లిపోతన్నాది అని. ఆయనకి ఆవిడెవరో తెలీదు."

షెడ్డు బయట ఎవరో స్కూటరు పంచరని పిలుస్తున్నారు. కామేష్ కదల్లేదు. కళ్లు తుడుచుకుని, ఏదో ఒకటి చెయ్యాలి కనక, పానా తీసుకున్నాడు. "స్ప్రింగు నీ ఒక్కదానికి సరిపడా వదులు సేసీమంటావా? ఈ సారీగార్డు కూడా ఇప్పీసి..."

"వద్దు," అంది రమణి. "రెండూ అలాగే ఉంచు. ఎల్లుండి శుక్రవారం కదా."

ఆ శుక్రవారం ఆమె సంతకి వెళ్లలేదు. చలికి జగదీష్ జాకెట్టు తొడుక్కుంది. తన హెల్మెట్ అరకులో హేమలత దగ్గర ఉండిపోయింది కనక అతనిదే పెట్టుకుంది. వలిసె చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. ఆ చేల గట్టు దాటి బండి అడవిలోకి దిగింది. దిగుడులో ఫుట్‌రెస్టుల మీద నిలబడి, బరువంతా వెనక్కి వేసి, రెండు వేళ్లు మాత్రం బ్రేకు మీద ఉంచి, మిగతాది ఇంజనుకి వదిలేసింది. ఇద్దరి బరువుకి బిగించిన బండి ఒక్కదాని కింద రాయికీ వేరుకీ ఎగిరి పడుతోంది. చేతులు నొప్పి పుడుతున్నాయి. నొప్పి తెలుస్తోంది కదా, అదే నయం అనుకుంది.

అతను పడిన చోట దారిలో పోయేవాళ్లు ఆకుకొమ్మలు వేసి వెళ్తున్నారు. కొండ మీద అలవాటు అది, మనిషి ప్రాణం పోయిన చోటు దాటేటప్పుడు ఒక రెమ్మ విరిచి వేసి పోతారు. కుప్ప మోకాలెత్తు పెరిగింది. రమణి బండాపి ఒక రెమ్మ విరిచి వేసింది. అందరిలాగే. మళ్లీ స్టార్ట్ చేసుకుని కిందకి వెళ్లింది.

ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉంది. అమ్మా, ఆయన పోయాడు. అమ్మా, నువ్వు ఇంక ఇక్కడికి రాకు. అమ్మా, నువ్వు తలుపేశావు. మాటలు వరసగా పెట్టుకుంటే అన్నీ చెప్పగలననే అనిపించింది. ఒళ్లు మొద్దుబారిన మనిషికి చెప్పడం కష్టం కాదు కదా.

గెడ్డ ఒడ్డున రాయి మీద కూర్చుని ఉంది అప్పలనర్సమ్మ. ఒళ్లో గుడ్డ సంచి. బండి చప్పుడు వినపడగానే గబగబా లేచింది, లేస్తూనే పమిట తల మీదికి లాక్కుని, మొహం పక్కకి తిప్పేసుకుంది. అల్లుడి ముందు ఎలా నిలబడాలో అలాగే నిలబడింది. ఎంత సన్నగా అయిపోయిందో. జబ్బ మీద రవికె వేలాడుతోంది. రమణి బండి ఆపింది. ఇంజన్ ఆపింది. గొంతు విప్పబోయింది.

"వచ్చీసినావా బాబూ," అంది అప్పలనర్సమ్మ, గెడ్డకేసి చూస్తూ. "రావేమో అనుకున్నాను. ఫోను సేత్తే ఎల్లట్నేదు. గుంటకి తెలిసిపోయినాదేటి? నన్ను తీసుకొత్తన్నావని తిట్టినాదా? దాన్నేటీ అనకు నాయనా. దాని తప్పేటీ నేదు, తలుపేసింది నాను. ఈ ఒక్కసారికి సూపించీ, మరి అడగను. నువ్వూ అదీ సల్లగా ఉండాల, అది సూసుకుని నాను సచ్చిపోతాను. అంతకంటే నాకేటొద్దు."

రమణి నోరు తెరిచింది. వరసగా పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ లేదు. ఛాతీలో ఎక్కడో ఏదో పట్టు వదిలింది, వదిలాక ఇంక ఆగలేదు. నాలుగు నెలల నుంచి రానిదంతా ఒక్కసారే వచ్చింది. హెల్మెట్ లోపల అద్దం మసకబారిపోయింది. హ్యాండిల్ పట్టుకున్న చేతులు, జాకెట్టులో భుజాలు, కింద బండి, అన్నీ వణికిపోతున్నాయి.

చప్పుడు విని అప్పలనర్సమ్మ మాట ఆపింది. తర్వాత సంచి రాయి మీద పెట్టి, రెండడుగులు దగ్గరికి వచ్చింది. అల్లుడి వరస మనిషి నీడ తొక్కని ఆవిడ, చెయ్యి చాపి, వణుకుతున్న ఆ భుజం పట్టుకుంది.

రమణి చెయ్యి హెల్మెట్ పట్టీ మీదికి వెళ్లింది. బకిల్ వేళ్లకి దొరకడం లేదు.

"ఏటయినాది బాబూ?" అంది అప్పలనర్సమ్మ. "ఎందుకేడుస్తన్నావు? నా గుంటకేటైనా అయినాదా?"